నెగడు గోడకు చేరిన ఇల్లు

*వేల్స్ కొండల్లోని రాతి ఇళ్ల చరిత్ర చదవాలంటే గోడలకంటే ముందు పొయ్యిని వెతకాలి*

కార్డిఫ్ నగరానికి పడమటి అంచున సెయింట్ ఫాగన్స్ అనే ఊరు ఉంది. అక్కడ చెట్ల మధ్య ఒక ఆరుబయటి మ్యూజియం. వేల్స్ నలుమూలల్లో విప్పి తెచ్చిన ఇళ్లు, కొట్టాలు, ప్రార్థనాలయాలు, దుకాణాలు అందులో మళ్లీ నిలబడ్డాయి. ఉత్తరాన స్నోడోనియా కొండల అంచునున్న వైన్‌వౌర్ నుంచి వచ్చిన గారెగ్ వౌర్ అనే రాతి ఇల్లు వాటిలో ఒకటి. దూలాల్లోని చెట్ల వలయాలు లెక్కపెట్టి, కట్టిన ఏడు 1544 అని తేల్చారు. అప్పటికి లండన్‌లో ఎనిమిదో హెన్రీ రాజ్యం చేస్తున్నాడు.

చూస్తే అంత పాతదిగా అనిపించదు. నిలువుగా లేచిన రాతి గోడలు, రెండంతస్తులు, వాలుగా దిగిన పలకరాతి కప్పు, పక్క గోడ కొసన పొగగొట్టం. చిన్నపిల్లల్ని ఇల్లు గీయమంటే గీసే బొమ్మే ఇది. ఆ బొమ్మకు మన కళ్లు ఎంత అలవాటుపడ్డాయంటే, ఒకప్పుడు అదొక సాహసమన్న సంగతి తట్టదు. 1544లో ఆ కొండల్లో మేడ ఉన్న ఇల్లంటే కొత్త. పొగగొట్టమైతే మరీ కొత్త.

వచ్చినవాళ్లలో చాలామంది గోడల్ని తట్టి చూసి మురిసిపోతారు. రెండు మూడు అడుగుల మందం గోడంటే ఎవరికైనా ముచ్చటే. కానీ రాతి గోడ ఆ కొండల్లో కొత్త సంగతేమీ కాదు, గొర్రెల దొడ్డికీ అదే గోడ. ఇంటిని ఇంటిగా మలచింది పొయ్యి. అది హాలు నడుమ ఉన్నంతకాలం ఇల్లు ఒక తీరుగా ఉంది. గోడకు జరిగాక మరో తీరుగా మారింది. మేడ, మెట్లు, పడకగది, ఆఖరికి పన్ను కూడా ఆ జరుగుడు వెంటే వచ్చాయి.

పొగలో కాపురం

గారెగ్ వౌర్ కంటే ముప్పై ఆరేళ్లు పెద్దదైన ఇల్లు కూడా అదే ఆవరణలో ఉంది. పేరు హెండ్రెర్ అవిద్ ఇఖవ్. ఈశాన్యాన డెన్‌బీషైర్ నుంచి తెచ్చారు. దానికి వాడిన చెట్లు 1508 నాటివి. వేల్స్‌లో స్థూలంగా తూర్పు కొయ్యది, పడమర రాతిది. ఇది తూర్పుది కాబట్టి ఓక్ కొయ్యల చట్రం, నడుమ తడికలల్లి మెత్తిన మట్టి, పైన గడ్డి. నేల నుంచి వంగుతూ లేచి కప్పు కొనలో కలుసుకునే జంట కొయ్యలు బరువంతా మోస్తాయి. లోపల అయిదు అంకణాలు. వాటిలో రెండు పశువులకూ గుర్రాలకూ.

మనుషుల భాగంలో, హాలు నడుమ, నేల మీద నెగడు. పొగగొట్టం లేదు. కిటికీలకు అద్దాల్లేవు, కొయ్య కమ్మీలూ మూసుకునే చెక్కలూ తప్ప. పొగ పైకి లేచి కప్పు కింద గూడుకట్టి, గడ్డి సందుల్లోంచీ కిటికీల్లోంచీ తీరిగ్గా బయటపడేది. కూర్చున్నవాళ్లకు పర్వాలేదు, నిలబడ్డవాళ్లకే కళ్లమంట. ఇలాంటి ఇంటికి మేడ వేయడం కుదరదు. వేస్తే పొగ తలల మీదికి దిగుతుంది. కాబట్టి హాలు కప్పుదాకా ఖాళీగా ఉండాల్సిందే. ఎత్తైన హాలు దర్జా కోసమని మనం అనుకుంటాం. మొదట అది పొగకు ఇచ్చిన చోటు. దర్జా తర్వాత వచ్చింది. ఎలాగూ అందరి కళ్లూ పైకే పోతాయి కదా అని కలవాళ్లు ఆ దూలాలకు వంపులు తిప్పించి చెక్కడపు పని చేయించారు.

హాలుకు ఒక ‘పై’ కొస, ఒక ‘కింది’ కొస ఉండేవి. పై కొసన యజమాని బల్ల. కింది కొసన ఎదురెదురు తలుపులు, వాటి నడుమ నడవ, ఆవల సరుకుల గదులో పశువులో. ఎవరి తాహతు ఎంతో నెగడుకు ఏ వైపు కూర్చున్నారన్నదాన్ని బట్టి తెలిసిపోయేది.

పడమటి రాతి ఇళ్లలోనూ ఇదే పద్ధతి. ఇప్పుడు రెండంతస్తులుగా కనిపించే కొన్ని పాత ఇళ్లలో అటకెక్కితే వాసాలకు నల్లటి మసి పట్టి ఉంటుంది. అక్కడ ఒకప్పుడు మేడ లేదనీ, కింద నెగడు మండేదనీ ఆ మసే సాక్ష్యం. పరిశోధకులు దీపం పట్టుకుని ముందుగా వెతికేది దాన్నే. మసి పట్టిన వాసాల కింద శుభ్రమైన దూలాలు కనిపిస్తే, అవి తరవాత జొప్పించినవి.

ఇంకా వెనక్కి వెళ్తే ఈ మాత్రం ఇళ్లు కూడా అరుదే. 1188లో ఆర్చిబిషప్ వెంట వేల్స్ అంతా తిరిగిన గెరాల్డ్ అనే మతాచార్యుడు, ఇక్కడివాళ్లు పెద్ద భవనాల జోలికి పోరనీ, అడవి అంచున తడికలతో ఏడాది పాటు ఆగే గుడిసెలు వేసుకుంటారనీ రాసిపెట్టాడు. ఆయన చెప్పింది అందరికీ వర్తించకపోవచ్చు. కానీ ‘అనాదిగా రాతి ఇళ్ల దేశం’ అని పర్యాటక పుస్తకాలు చెప్పే వేల్స్ మాత్రం ఆయనకు కనిపించలేదు.

పొయ్యి జరిగింది, మేడ లేచింది

పదహారో శతాబ్దం తొలి సగంలో స్నోడోనియా లోయల్లో ఒక కొత్త ఇల్లు పుట్టింది. కొండ ప్రాంతం, పేద నేల, లండన్‌కు ఎంతో దూరం. కొత్తదనం అక్కడికి ఆలస్యంగా వెళ్లి ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. పదిహేడో శతాబ్దపువని లెక్కవేసిన ఇళ్లు చెట్ల వలయాల పరీక్షలో ఒక్కొక్కటే వెనక్కి జరిగాయి.

ఆ పరీక్ష సూత్రం తేలికే. దూలంలోకి సన్నని గొట్టపు బరమాతో బెజ్జం వేసి పెన్సిలంత మందాన కొయ్యను బయటికి తీస్తారు. తడి ఏడు వెడల్పాటి వలయం, కరువు ఏడు సన్నని వలయం. ఆ వరసను ఆ ప్రాంతపు ఓక్ చెట్ల పాత వరసలతో పోల్చి చూస్తారు. బెరడు అంచు మిగిలి ఉంటే చెట్టు కొట్టిన ఏడే కాదు, ఏ కాలంలో కొట్టారో కూడా చెప్పొచ్చు. ఓక్‌ను పచ్చిగా ఉండగానే చెక్కేవాళ్లు కనుక, చెట్టు కొట్టిన ఏడాదీ ఇల్లు లేచిన ఏడాదీ దాదాపు ఒకటే. వలయాలు తక్కువై పోలిక కుదరని కొయ్యలకు స్వాన్‌సీ విశ్వవిద్యాలయం వాళ్లు మరో దారి చూపారు. వలయాల్లోని ఆక్సిజన్ ఐసోటోపులు ఆయా వేసవుల వానను గుర్తుపెట్టుకుంటాయి, వాటిని కొలిచి వయసు తేలుస్తున్నారు.

ఇక ఆ కొత్త ఇంటి సంగతి. ఎదురెదురు తలుపులు, వాటి నడుమ నడవ పాత హాలు నుంచి వచ్చినవే. నడవకు ఒక పక్క రెండు చిన్న గదులు, ఒకటి పానీయాలకు, ఒకటి తిండి సరుకులకు. మధ్య గోడలు నిలువు కొయ్యలకు గాళ్లు తీసి పలకలు దూర్చినవి. రెండో పక్క హాలు. అసలు మార్పు ఆ హాలు చివర ఉంది. పక్క గోడలోకి తొలిచిన పెద్ద పొయ్యి, దాని నెత్తిన మనిషి నడుమంత మందం దూలం, ఆపైన రాతి పొగగొట్టం. పాత హాలులో యజమాని బల్ల ఉండే పై కొస ఇదే. పొయ్యి నడిమధ్య నుంచి లేచి వెళ్లి ఏకంగా పెద్దాయన పీట మీదే కూర్చుంది.

పొగకు దారి దొరికాక హాలు మీది ఖాళీ జాగా అవసరం తీరిపోయింది. దూలాలు పరిచి చెక్కలు కొట్టారు. మేడ వచ్చింది. పొయ్యి పక్కనే గోడ మందంలో ఒదిగిపోయేలా రాతి మెట్లు తిరుగుతూ పైకి వెళ్తాయి. చాలా ఇళ్లలో అవతలి కొసన రెండో పొగగొట్టం కూడా ఉంటుంది. అది మేడగదిని వెచ్చబరచడానికి. ఇంటిల్లిపాదీ ఒకే నెగడు చుట్టూ పడుకునే రోజులు పోయి, తలుపేసుకుని వెచ్చగా పడుకునే గది వచ్చిందన్నమాట. ఏకాంతం అనేది వేల్స్ రైతు ఇంట్లోకి పొగగొట్టంలోంచి దిగిందని చెప్పుకోవచ్చు.

అదే కాలంలో ఎందుకు? ఒక కారణం చట్టం. వేల్స్ పాత పద్ధతిలో తండ్రి భూమిని కొడుకులంతా సమంగా పంచుకునేవాళ్లు. తరం తరానికీ కమతాలు చీలికలు పేలికలయ్యేవి. 1536, 1543 చట్టాలతో వేల్స్‌ను ఇంగ్లండ్‌లో కలిపేసినప్పుడు ఆ పంపకం పోయి పెద్దకొడుకు వారసత్వం వచ్చింది. అప్పటికే ఇరుగుపొరుగు ముక్కలు కొని కలుపుకుంటున్న చురుకైన రైతులకు అది బాగా కలిసొచ్చింది. తోడుగా నల్ల పశువుల వ్యాపారం. మందల్ని కాలినడకన ఇంగ్లండ్ సంతలకు తోలుకెళ్లేవాళ్లు, డబ్బు తిరిగొచ్చేది. ఆ డబ్బుతో కట్టినవే ఈ ఇళ్లు. ‘రైతు ఇల్లు’ అంటే మనకు తట్టే పేద రైతు ఇందులో లేడు. వీళ్లు ఊరికి మోతుబరులు.

పంపకాల నీడ మాత్రం కొన్ని ఇళ్ల మీద మిగిలే ఉంది. ఒకే ఆవరణలో, ఒకదాని మూలకు మరొకటి ఆనుకునేలా, రెండు పూర్తి ఇళ్లు కనిపిస్తాయి. రెండింటికీ వేరు పొయ్యి, వేరు వాకిలి. లాన్‌వ్రొథెన్ దగ్గరి ‘పార్క్’ అనే ఇంటిని పరిశీలిస్తూ హెంప్, గ్రెషమ్ అనే ఇద్దరు పరిశోధకులు 1940ల మొదట్లో దీని మీద చర్చ లేవదీశారు. వేరుపడిన అన్నదమ్ములవా, పెళ్లయిన కొడుక్కి ఇల్లు వదిలి ముసలి తల్లిదండ్రులు వేరు కాపురం పెట్టినవా అన్నది ఇంటింటికీ మారుతుంది. ఉమ్మడి పెరట్లో రెండు పొయ్యిలు లేవడం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వివరించక్కర్లేదు.

పెన్‌మఖ్నో దగ్గరి లోయలో టీ మౌర్ విబర్‌నంట్ అని ఒక రాతి ఇల్లుంది. బైబిల్‌ను వేల్స్ భాషలోకి తెచ్చి 1588లో అచ్చు వేయించిన బిషప్ విలియం మోర్గన్ పుట్టిన చోటు అదే. తండ్రి గ్విదిర్ జమీ కింద కౌలుదారు. ఆ అనువాదమే లేకపోతే వేల్స్ భాష ఇవాళ ఇలా బతికి ఉండేది కాదని వేల్స్‌వాళ్లు గట్టిగా నమ్ముతారు. 1951 నుంచి ఆ ఇల్లు నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది. 1988లో, అనువాదానికి నాలుగు వందల ఏళ్లు నిండిన సందర్భంలో, తర్వాతి మార్పులు తీసేసి పాత రూపానికి తెచ్చారు. పాత రూపం అంటే ఏ ఏడాదిది అన్న చిక్కుప్రశ్న ఇలాంటి ప్రతి మరమ్మతులోనూ ఉంటుంది. ఒక కాలాన్ని చూపించాలంటే మరో కాలాన్ని కూల్చాలి.

బండ, పలక, సున్నం

ఈ గోడలు చెక్కిన రాళ్లతో పేర్చినవి కావు. హిమానీనదాలు కరిగి వెళ్తూ వదిలేసిన గుండ్రాళ్లు పొలమంతా పరుచుకుని ఉంటాయి. పొలం బాగుచేసుకోవడమూ గోడకు రాయి సమకూర్చుకోవడమూ ఒకే పని. అన్నిటికంటే పెద్ద బండల్ని దొర్లించుకొచ్చి మూలల్లో, అడుగు వరసలో పెట్టేవాళ్లు. కొన్నిటిని చూస్తే ఇంటిని బండ చుట్టూ కట్టారేమో అనిపిస్తుంది. బయటికీ లోపలికీ ముఖం రాళ్లు, నడుమ చిల్లరాళ్లూ మట్టీ, రెండు ముఖాల్నీ కలిపి పట్టుకోవడానికి అక్కడక్కడ అడ్డంగా పొడుగు రాయి. వాకిలి మీద కమానుకు కూడా అలవిగాని రాళ్లే వాడారు. రెండు మూడు రాళ్లతోనే ఒంపు తిరిగిన ద్వారాలున్నాయి.

రాళ్ల నడుమ పట్టు ఎక్కువగా బంకమట్టిదే. సున్నపురాయి ఆ నడి కొండల్లో దొరకదు, తీరప్రాంతం నుంచి రావాలి. కాబట్టి సున్నాన్ని సందుల ముఖాలకూ వెల్లకూ పొదుపుగా వాడారు. స్నోడోనియాలో ఏటా 2,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడే చోట్లు ఉన్నాయి. అంత వానలో ఏ రాతి గోడైనా తడుస్తుంది. మట్టీ సున్నమూ పీల్చుకున్న తడిని గాలి ఆడగానే వదిలేస్తాయి, లోపల రాత్రింబవళ్లూ ఆరని నిప్పు మిగతాది ఎండగడుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతుల పేరుతో వచ్చిన సిమెంటు ఈ ఏర్పాటును చెడగొట్టింది. సిమెంటు పూతలో సన్న పగులు పడితే చాలు, నీళ్లు లోపలికి దిగుతాయి, మళ్లీ బయటికి రాలేవు. గోడ లోపలి వైపు చెమ్మ, దూలాల కొసలకు కుళ్లు. ‘పాత రాతి ఇళ్లంతే, చెమ్మ పడతాయి’ అని వాటి మీద నింద. ఇప్పుడు ఓపికున్నవాళ్లు సిమెంటు గీకించి మళ్లీ సున్నం పట్టిస్తున్నారు. పట్టించే పనివాళ్లు దొరకడమే కష్టం.

కప్పు సంగతికొస్తే మనకు దగ్గరి చుట్టరికం ఉంది. మార్కాపురం పలక మీద అ, ఆలు దిద్దిన తరం తెలుగునాట ఇంకా ఉంది. ఆ పలకరాయీ వేల్స్ పలకరాయీ ఒకే జాతివి. పూర్వం సముద్రపు అడుగు బురద పేరుకుని, నేల లోపలి ఒత్తిడికి పొరలు పొరలుగా చీలే రాయిగా మారింది. ఉత్తర వేల్స్ గనుల నుంచి బడి పలకలూ ఎగుమతి అయ్యాయి. అంతకు ఎన్నో రెట్లు ఇంటి కప్పులుగా వెళ్లింది. పెన్రిన్, డినోర్విక్, బ్లైనై ఫెస్టినియోగ్ గనుల పలకలు పంతొమ్మిదో శతాబ్దంలో దేశదేశాల ఊళ్లను కప్పాయి. సైజులకు పెట్టిన పేర్లు సరదాగా ఉంటాయి. 24 అంగుళాలకు 12 అంగుళాలది ‘డచెస్’, 20కి 10 ‘కౌంటెస్’, 16కు 8 ‘లేడీ’. దొరసానుల అంతస్తులన్నీ గని కూలీ చేతుల్లో చీలినవే. 2021లో ఆ గనుల ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

గారెగ్ వౌర్ నాటి పలకలు అంత నాజూకైనవి కావు. దగ్గరి గుట్టలో చీల్చినవి, మందం, తలో సైజు. చూరు దగ్గర పెద్దవి మొదలుపెట్టి కొసకు పోయేకొద్దీ చిన్నవి పేర్చేవాళ్లు. ఒక్కోదానికి ఒక కొయ్య మేకు, సందుల్లోంచి గాలివాన కొట్టకుండా నాచు కుక్కడం. గని పలకలు చవగ్గా వచ్చాక గడ్డి కప్పులూ, ఈ చిల్లర పలకల కప్పులూ చాలావరకు పోయాయి. ఊళ్లకు ఊళ్లే ఒకే నీలిబూడిద రంగుకు మారాయి. అందరూ మెచ్చుకునే ఆ ‘సంప్రదాయ’ రంగు నిజానికి ఫ్యాక్టరీ యుగపు రంగు.

ఆవులూ మనుషులూ ఒకే గడప

గారెగ్ వౌర్ ధనికుల ఇల్లయితే, నడిమి వేల్స్ కొండల నుంచి వచ్చిన కిలెవెంట్‌ది మరో దారి. 1470 ప్రాంతంలో వంపు కొయ్యల హాలుగా పుట్టింది. 1734లో దాని చుట్టూ రాతి గోడలు లేచాయి. ఒక కొస మనుషులకు, ఒక కొస పశువులకు, నడుమ ఇద్దరికీ కలిపి ఒకే వాకిలి. ఇలాంటి పొడవాటి ఇంటిని వాలు వెంట నిలువుగా కడతారు. మనుషులు ఎగువన, ఆవులు దిగువన. పేడనీళ్లు పల్లానికి పోవాలి కదా. రాత్రి మంచు కురుస్తుంటే బయటికి అడుగు పెట్టకుండా పాలు పితకొచ్చు, ఈనబోయే ఆవును కనిపెట్టి ఉండొచ్చు. ఆవుల ఒంటి వేడి కూడా ఎగువకు వస్తుంది. వాసనకైతే అలవాటుపడాలి.

ఈ రకం ఇంటి మీద వేల్స్ పండితుల్లో పెద్ద పేచీ నడిచింది. యోర్వెర్త్ పీట్ కవి, జానపద జీవనం మీద ప్రాణం పెట్టిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధానికి ఒప్పుకోనని నిలబడి 1941లో మ్యూజియం ఉద్యోగం పోగొట్టుకుని, మళ్లీ తెచ్చుకున్నాడు. సెయింట్ ఫాగన్స్ మ్యూజియం 1948లో తలుపులు తెరిచింది ఆయన సారథ్యంలోనే. స్టాక్‌హోమ్‌లోని స్కాన్సెన్ ఆరుబయటి మ్యూజియం ఆయనకు ఆదర్శం. 1940లో వేల్స్ ఇళ్ల మీద పుస్తకం రాస్తూ, మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద బతికిన పొడవాటి ఇల్లే వేల్స్ రైతు అసలు ఇల్లని బలంగా వాదించాడు. తరువాతి తరంలో పీటర్ స్మిత్ దేశమంతా తిరిగి, ఏ రకం ఇల్లు ఎక్కడ ఉందో పటాల మీద చుక్కలు పెట్టి 1975లో ఒక మహాగ్రంథం తెచ్చాడు. చుక్కలు వేరే కథ చెప్పాయి. పొడవాటి ఇళ్లు కొన్ని ప్రాంతాలకే పరిమితం. స్నోడోనియా మోతుబరి మొదట్నుంచీ కొట్టాన్ని విడిగానే కట్టుకున్నాడు. లెక్కల్లో స్మిత్‌దే పైచేయి అని నా అభిప్రాయం. అయితే పీట్ మొండితనమే లేకపోతే స్మిత్ పక్కన పెట్టి పోల్చుకోవడానికి కిలెవెంట్ లాంటి ఇళ్లు మిగిలేవా అన్నది అనుమానమే. ఇళ్లను రాయి రాయికీ గుర్తు వేసి, విప్పి, బండ్ల మీద తెచ్చి అదే వరసలో పేర్చారు. శ్రీశైలం నీళ్లు వచ్చేముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి చేర్చినట్టే.

పీట్‌కు గ్రామమే వేల్స్. ఇనుప ఖనిజపు గని కార్మికుల వరస ఇళ్లు ఆ మ్యూజియంలోకి రావడానికి ఎనభయ్యో దశకం దాకా పట్టింది.

దక్షిణ తీరాన గవర్ ద్వీపకల్పం నుంచి వచ్చిన కెన్నిక్స్టన్ ఇల్లు చూడగానే ఆగిపోతారు. గోడలన్నీ ఎర్రెర్రగా ఉంటాయి. 1610లో మొదలై తర్వాత రెండు విడతల్లో పెరిగిన రాతి ఇల్లది. ఎర్ర రంగు దుష్టశక్తుల్ని రానివ్వదని నమ్మకం. పెరట్లో ఎర్రపళ్ల రోవన్ చెట్టు, వాకిలి దగ్గర చెక్కిన బొమ్మలు కూడా అందుకే. పొయ్యి పక్కన గోడలోనే అలమరలాంటి పడక ఉంది.

తెల్లారేసరికి పొగ

నిప్పును రాత్రిపూట ఆర్పేవాళ్లు కాదు. కొండల్లో చిత్తడి నేల నుంచి కోసి ఎండబెట్టిన నాచుమట్టి గడ్డలు, నైరుతిలో బొగ్గుపొడిని బంకమట్టితో కలిపి చుట్టిన ఉండలు వాళ్ల వంటచెరకు. పడుకునే ముందు నివురు కప్పేస్తే పొద్దునకు కింద కణికలు అలాగే ఉంటాయి. తరాలుగా ఆరని పొయ్యి మాదని చెప్పుకోవడం ఇంటి పరువు.

నిప్పు గోడకు చేరి లెక్కకు దొరికిందేమో, దాని మీద పన్ను కూడా పడింది. 1662 నుంచి 1689 దాకా ఇంగ్లండ్, వేల్స్‌లలో పొయ్యికి ఏటా రెండు షిల్లింగుల చొప్పున వసూలు చేశారు. మరీ పేదలకు మినహాయింపు. జనానికి ఆ పన్నంటే ఒళ్లుమంట, అధికారి ఇంట్లోకి దూరి లెక్కపెట్టేవాడు మరి. చరిత్రకారులకు మాత్రం ఆ చిట్టాలు నిధి. ఏ పల్లెలో ఎన్ని ఇళ్లకు ఒకే పొయ్యి, ఎవరికి నాలుగు అన్నది అందులో ఉంది. ఎక్కువమందికి ఒకటే.

ఆ ఒంటిపొయ్యి ఇళ్లు మనకు దాదాపు మిగల్లేదు. నిలిచినవన్నీ కలవాళ్ల ఇళ్లే అన్నది ఈ కథలో మరవకూడని లోటు. సెయింట్ ఫాగన్స్‌లోని లాయిన్‌వాదిన్ చిన్నవాళ్ల ఇంటికి కొంత దగ్గర. 1762 నాటి పలకరాతి గని కార్మికుడి కుటీరం. గోడలకు కొండ బండలు. ఒకే గది, ఒక కొసన అటక మీద పడక. పడమటి తీరపు పల్లెల్లో ఇంకా పేదవాళ్లకు మట్టి గోడలు, పొగగొట్టానికి రాయి బదులు తడికలల్లి మట్టి మెత్తిన గొట్టం.

నేలే లేనివాళ్లకు ఒక ఆశ ఉండేది. ఊరి ఉమ్మడి భూమిలో పొద్దుగూకాక మొదలుపెట్టి, తెల్లారేసరికి ఇల్లు లేపి పొయ్యిలోంచి పొగ రప్పించగలిగితే ఆ జాగా మనదేనని నమ్మకం. వాకిట్లో నిలబడి గొడ్డలి విసిరితే ఎంత దూరం పడితే అంత పెరడు. చట్టంలో దానికి దిక్కూ మొక్కూ లేదు. అయినా పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో చుట్టాలనీ స్నేహితుల్నీ పోగుచేసుకుని రాత్రికి రాత్రి మట్టిగడ్డలతో గుడిసె వేసినవాళ్లున్నారు. తర్వాత తీరిగ్గా దాని స్థానంలో రాతి గోడలు లేపేవాళ్లు. హక్కుకు సాక్ష్యం గోడ కాదు, కప్పు కాదు, పొగ.

మునిగినవి, కాలినవి

అబెరిస్త్విత్ దగ్గరి పెద్ద రోడ్డు పక్కన కూలిపోయిన రాతి ఇంటి గోడ ఒకటి ఉంది. వేల్స్‌లో అంతకంటే పేరున్న గోడ లేదు. దాని మీద తెల్ల రంగుతో రెండు మాటలు, ‘ట్రవెరిన్‌ను మరవకండి’ అని. 1960ల మొదట్లో మెయిక్ స్టీఫెన్స్ అనే యువ రచయిత రాశాడు. లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం ట్రవెరిన్ లోయలో ఆనకట్ట కట్టి, 1965లో కాపెల్ కెలిన్ అనే పల్లెను ముంచారు. బడి, తపాలా కార్యాలయం, ప్రార్థనాలయం, 12 ఇళ్లు, పొలాలు నీళ్లపాలయ్యాయి. వేల్స్ ఎంపీలు దాదాపు అందరూ వ్యతిరేకించినా లండన్ పార్లమెంటులో చట్టం నెగ్గింది. 2019లో ఎవరో ఆ గోడను పడగొడితే జనం వెంటనే రాళ్లు ఏరి మళ్లీ పేర్చారు, మళ్లీ రంగు పూశారు. ముంపు ఊళ్ల పేర్లు కంఠస్థం ఉన్న తెలుగు జిల్లాలవాళ్లకు ఆ కోపం తెలిసిందే.

తర్వాత నిప్పే ఇళ్ల మీదికి వచ్చింది. రైతులు వదిలిన రాతి ఇళ్లను, కుటీరాలను సెలవుల కోసం బయటి ఊళ్ల ధనికులు కొనుక్కోవడం పెరిగి, స్థానికులకు ధరలు అందకుండా పోయాయి. 1979 డిసెంబరులో అలాంటి ఖాళీ ఇళ్లకు నిప్పుపెట్టడం మొదలైంది. మేబ్యన్ గ్లిందూర్ అనే రహస్య దళం పేరున పన్నెండేళ్లకు పైగా సాగి రెండు వందలకు పైగా ఇళ్లు తగలబడ్డాయి. ఆ దారిని సమర్థించలేం. అది లేవనెత్తిన ప్రశ్న మాత్రం ఇవాళ మండలి సమావేశాల్లో, పన్ను రశీదుల్లో ఉంది. స్నోడోనియా లోయలుండే గ్వినెద్ ప్రాంతపు కౌన్సిల్ 2023 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్ల మీద మామూలు పన్నుకు అదనంగా 150 శాతం వడ్డిస్తోంది. వారాంతపు యజమానులు గోడలకు సున్నం పట్టించి, పలకలు మార్పించి చక్కగా ఉంచుతున్న మాటా నిజమే. జనవరిలో ఆ లోయల్లో పోతుంటే ఎన్నో పొగగొట్టాల్లో పొగ ఉండదన్నదీ నిజమే.

ఒక్క ఇల్లు దీనికి ఎదురు నిలిచింది. త్రౌస్‌వనిద్ దగ్గరి అస్గుర్న్ అనే పొలంలో 1830 ప్రాంతపు రాతి ఇల్లది. కట్టడంగా ప్రత్యేకతేమీ లేదు, అలాంటివి ఆ జిల్లాలో వందలుంటాయి. హేద్ విన్ అనే కలంపేరుతో రాసిన గొర్రెల కాపరి కవి ఇల్లది. 1917 జూలై 31న బెల్జియం యుద్ధభూమిలో చనిపోయాడు. అయిదు వారాల తర్వాత జాతీయ సాహిత్యోత్సవంలో గెలిచిన కవి ఎవరని పిలిస్తే పలికేవాడు లేడు. ఆయనకు బహుమతిగా దక్కాల్సిన కుర్చీకి నల్లగుడ్డ కప్పి ఇంటికి పంపారు. వచ్చినవాళ్లను కాదనకుండా తలుపు తీసి ఉంచమని తల్లి కోరిందట. ఆయన కుటుంబం దశాబ్దాల పాటు ఆ మాట నిలబెట్టింది. 2012లో స్నోడోనియా జాతీయ పార్కు దాన్ని కొని అలాగే కొనసాగిస్తోంది.

వెళ్లాలనుకునేవాళ్లకు

సెయింట్ ఫాగన్స్‌కు కార్డిఫ్ నుంచి బస్సులున్నాయి, ప్రవేశం ఉచితం, కారుకు మాత్రం పార్కింగ్ రుసుము. ఇళ్లను కాలక్రమంలో చూడటం మేలు. ముందు హెండ్రెర్ అవిద్, తర్వాత గారెగ్ వౌర్, ఆ పైన కెన్నిక్స్టన్, 1734 రాతి రూపంలోని కిలెవెంట్, చివర లాయిన్‌వాదిన్. ప్రతి ఇంట్లో అడుగుపెట్టగానే పొయ్యి ఎక్కడుందో చూసి, తల పైకెత్తి కప్పు చూడండి. మిగతా గదులు ఎందుకు అలా ఉన్నాయో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. కొన్ని ఇళ్లలో నిజంగానే నిప్పు రాజేస్తారు, అక్కడి సిబ్బందిని కదిపితే కబుర్లకు లోటుండదు. టీ మౌర్ విబర్‌నంట్‌కు దారి ఇరుకు, తెరిచే రోజులు తక్కువ, ముందే చూసుకుని బయల్దేరాలి. వానకోటు అన్ని కాలాల్లోనూ కావాలి. వాకిళ్లన్నీ పొట్టివి, ఆరడుగులవాళ్లు నుదురు కాచుకోవాలి.